సవరణ: భేతాళుడి బొమ్మ గీసినది వడ్డాది పాపయ్య గారు కాదు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవారు ఎలా తయారవుతారన్న విషయమై కిందటి వారం నేను రాసిన దానిలో, చందమామలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే బొమ్మను వడ్డాది పాపయ్య గారు వేశారని పేర్కొన్నాను. అది తప్పు. ఆ బొమ్మ శంకర్‌గా పేరుపొందిన కె.సి. శివశంకరన్ గారిది. 1924లో పుట్టి 2020లో కన్నుమూసిన ఆయన మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదువుకున్నారు. పాపయ్య గారు ప్రధానంగా ముఖచిత్రాలు వేశారు. గుంటూరులో మా ఇంటి అటక మీది పాత సంచికలు తిరగేయకుండా, చిన్ననాటి జ్ఞాపకాన్ని నమ్మి రాయడం వల్ల జరిగిన పొరపాటిది.

మరొక వాక్యానికీ వివరణ అవసరం. చిత్రకళాశాల చదువు లేనిదే చిత్రకారులు కాలేరన్న అర్థం వచ్చేలా రాశాను. అయితే న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్న బాపు గారు తెలుగువారి కళ్లముందే ఉండగా ఆ మాట నిలవదు. ప్రేరణ అనేది చాలావరకు చూపుకు సంబంధించినది. మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద కూర్చున్న హమాలీ తలగుడ్డతో ముఖం తుడుచుకునేటప్పుడు మోచెయ్యి ఎటు వంగుతుందో గమనించి, ఇంటికొచ్చి పదిసార్లు గీసిన పిల్లవాడు అప్పటికే సగం పని నేర్చుకున్నట్టు. మిగతా సగం, అంటే సాధారణంగా 32 పేజీలుండే బొమ్మల పుస్తకంలో ఏ పేజీ తిప్పితే ఏ బొమ్మ కనబడాలో నిర్ణయించడం, చిన్న కాగితాలు మడిచి నమూనా పుస్తకం కుట్టుకుంటేనే పట్టుబడుతుంది.