సోలెడు పప్పు, అడ్డెడు రవ్వ

వంటింట్లోనే పిల్లలకు అక్షరాలూ లెక్కలూ వచ్చేస్తాయని మా ఆయనకు ఎవరో చెప్పారు. చెప్పినాయన జన్మలో గిన్నె తోమి ఉండడు.

ముందు అక్షరాలు. డబ్బాల మీద నా చీటీలు పీకేసి, మావాడి చేత మొదటి అక్షరం మాత్రం రాయించి అంటించారు. తెలుగువాళ్ళ వంటింట్లో సగం సరుకులు 'ప' తోనే మొదలవుతాయని ఆయనకు తట్టలేదు. పసుపు, పంచదార, పల్లీలు, పచ్చిశనగపప్పు అన్నీ 'ప' అయి కూర్చున్నాయి. ఆ సాయంత్రం అత్తయ్య కాఫీ పచ్చగా వచ్చింది. దగ్గుకు మంచిదేలే అని తాగేశారావిడ. మనవడి దస్తూరీ మరి!

తర్వాత భిన్నాలు. పెసరట్టును నాలుగు ముక్కలు చేసి, ఒకటి తను తినేసి, "మిగిలింది మూడు బై నాలుగు. అంటే ఏంట్రా?" అన్నారు.

"మూడో లైను, నాలుగో అడ్డరోడ్డు."

గుంటూరు బ్రాడీపేటలో పెరిగే పిల్లాడు ఇంకేం చెబుతాడు? ఇక్కడ అడ్రసులన్నీ భిన్నాలే కదా.

అసలు ముప్పు ఆదివారం వచ్చింది. సోలెడు మినప్పప్పు నానబెట్టమని చెప్పి, నేను పట్టాభిపురంలో పేరంటానికి వెళ్ళాను. అత్తయ్య తన ఇత్తడి కొలపాత్రలు బయటికి తీశారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నిజం చెప్పొద్దూ, రెండింతలు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. కానీ మావాడు మాట నమ్మే రకం కాదు. "కొలిచి చూపించు నాయనమ్మా" అన్నాడు. కొలిచిన పప్పు కొలిచినట్టే నీళ్ళ గిన్నెలోకి పోయింది. మానిక దగ్గర డబ్బా ఖాళీ అయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కుంచం దాకా వెళ్ళేవాళ్ళు.

"పప్పుకు రెండింతలు రవ్వ. ఎంత?" అన్నారట మా ఆయన.

"అడ్డ!"

తండ్రి చప్పట్లు కొట్టారు. లెక్క తప్పలేదు మరి. నేను వచ్చేసరికి గ్రైండరు మూడో వాయి తిరుగుతోంది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పిండే. ప్రెషర్ కుక్కర్లో కూడా పిండే.

గుంటూరు మే నెల ఎండలకు రాత్రికి రాత్రి ఆ పిండి కూడా రెండింతలు నేర్చేసుకుంది. తెల్లారి చూస్తే గట్టు దిగి, గ్యాస్ బండ చుట్టూ చేరి, గడప దాకా వచ్చింది. "పొంగితే శుభమే అమ్మాయ్" అన్నారు అత్తయ్య, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని. తుడిచే గుడ్డ వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

మిగిలింది లైనంతా పంచాం. ఈ పనిలో మావాడి భిన్నాలు బాగా పనికొచ్చాయి, ఏ గిన్నె ఏ అడ్డరోడ్డుకో ఒక్కటీ పొరబడలేదు. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు కదా, ఒకరు గోంగూర పచ్చడి, ఒకరు మాగాయ వేసి ఇచ్చారు. ఎదురింటి పిన్నిగారి గిన్నె మాత్రం బరువుగా వచ్చింది. ఆవిడా ముందురోజే రుబ్బుకున్నారట. మా పిండి కూడా కలిసేసరికి ఎక్కువైపోయి, సగం మాకే పంపారు.

మావాడు గిన్నెలోకి తొంగిచూసి, పరుగెత్తుకెళ్ళి పలక తెచ్చుకున్నాడు. ఇప్పుడు కూడికలట.