డిషాంబో గెలుపును తక్కువ చేయకండి
2024 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీని బ్రైసన్ డిషాంబో గెలవలేదు, రోరీ మెకిల్‌రాయ్ ఒత్తిడికి తట్టుకోలేక చేజేతులా పోగొట్టుకున్నాడు అని మీరు రాశారు. నేను ఒప్పుకోను. 18 హోల్స్‌లో (బంతిని గుంతలో వేయాల్సిన అంచెలు) ఇంకా అయిదు ఉండగా మెకిల్‌రాయ్‌కి ఉన్న రెండు స్ట్రోకుల ఆధిక్యం చేజారిన మాట నిజమే. స్ట్రోకంటే ఒక దెబ్బ, తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు. 16వ హోల్‌లో రెండున్నర అడుగుల పట్ (గుంతలోకి బంతిని దొర్లించే చిన్న దెబ్బ), 18లో నాలుగడుగులు కూడా లేని పట్ తప్పాయి, అదీ నిజమే. మరి చివరి హోల్‌లో డిషాంబో ఆడింది చూడలేదా? బంతి చెట్టు వేరు దగ్గర పడింది, క్లబ్ వెనక్కి తిప్పడానికి సరిగ్గా చోటు లేదు. ఎలాగోలా బయటకు కొడితే ఇసుక గోతిలోకి, అంటే బంకర్‌లోకి వెళ్లింది. గుంత దగ్గరి జెండా ఇంకా 55 గజాల దూరం. అంత దూరం నుంచి బంకర్ షాట్ అంటే ఎంత పెద్ద ప్లేయర్‌కైనా టెన్షనే. దాన్ని నాలుగడుగుల లోపల ఆపి, పట్ వేసి, ఒక్క స్ట్రోకు తేడాతో కప్పు పట్టుకెళ్లాడు. విజయనగరంలో తెల్లవారుజామున నాలుగింటికి లైవ్ చూస్తున్నవాణ్ని లేచి నిలబడిపోయాను. మా పక్క జిల్లా ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు లేచి ఉంటే బంగారమే. అయినా ఆమె దాన్ని పారేసుకుందని మా వైపు ఎవరూ అనగా నేను వినలేదు. పైగా ఇదే మెకిల్‌రాయ్ 2025 మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీలో 18వ హోల్‌లో మళ్లీ చిన్న పట్ తప్పి కూడా, స్కోర్లు సమమయ్యాక ఆడిన ప్లేఆఫ్ మొదటి హోల్‌లోనే బర్డీ (నిర్ణీత దెబ్బల కంటే ఒకటి తక్కువ) కొట్టి జస్టిన్ రోజ్‌ను ఓడించాడు. ఒత్తిడికి తట్టుకోలేని మనిషి అని ఎలా రాయగలిగారు?