పలక బాగుంది, పలకదా?

సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకి, అంటే కంప్యూటర్లోనే వాయిద్యాల ధ్వని పుట్టించే ప్రోగ్రామ్‌లకి, ట్యాబ్లెట్‌ని కంట్రోలర్‌గా వాడటం గొప్ప విషయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నా, ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే సింథ్ పెట్టుకున్న ప్రతివాడికీ ఉన్న ఒకే ఒక్క పెద్ద తలనొప్పి, అంటే కూర్చుని వాయించాల్సి రావడం, దీంతో పూర్తిగా తీరిపోయింది.

1970లో మినీమూగ్ అనే సింథసైజర్ వచ్చినప్పుడు దానికి నాబ్‌లుండేవి, నిజం నాబ్‌లు, చీకట్లో తడిమినా ధ్వనిని మెత్తబరిచే ఫిల్టర్ ఎక్కడుందో చేతికి తెలిసేది. ఇంత మోటు వ్యవహారం ఇంకోటుంటుందా? కళ్ళు ఖాళీగా ఉండేవి కాబట్టి పాపం వాళ్ళు పక్కనున్న డ్రమ్మర్ మొహం చూసి, తాళం అందుకుని, ఏదో వాయించేసేవాళ్ళు. ఇప్పుడా ప్రమాదం లేదు. నున్నటి గాజు మీద నాబ్ బొమ్మ పెట్టుకుంటాం, నిజందిలా కనబడాలని దానికి నీడ కూడా వేస్తాం, ఇక చూపు పక్కకి తిప్పామా వేలు ఎటు పోతుందో వేలికే తెలీదు. ఏకాగ్రత దానంతటదే వచ్చేస్తుంది, ఋషులకి దీనికోసం ఏళ్ళు పట్టేది.

మొన్న రాత్రి కటాఫ్‌ని, అంటే ఆ ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలో చెప్పే నాబ్‌ని, మెల్లగా తెరుద్దామని వేలు పెట్టా. గుండ్రంగా తిప్పాలా, పైకి లాగాలా అనేది ఆ యాప్ రాసినాయన మనసులో ఉంటుంది, మనమే కనిపెట్టాలి. నేను గుండ్రంగా తిప్పా, అదేమో నిలువు రకం, పైకెళ్ళిన విలువ మళ్ళీ కిందకొచ్చి కూర్చుంది. ఎంతైందో చూద్దామంటే అంకె నా వేలి కిందే ఉంది. వేలు తీశా, తీయడంలో కాస్త జరిగి 64 కాస్తా 71 అయింది, మళ్ళీ పెడితే 58. 1983లో మిడి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష, తెచ్చినవాళ్ళు మామూలు నాబ్‌కి 0 నుంచి 127 దాకా 128 మెట్లిచ్చారు, నాక్కావాల్సింది తప్ప మిగతావన్నీ ఆ రాత్రి ఎక్కిదిగా.

కీబోర్డ్ బొమ్మ సంగతి ఇంకా బాగుంటుంది. కోపంగా కొట్టినా ప్రేమగా తాకినా గాజుకి ఒకటే, అందుకని కొన్ని యాప్‌లు కీ మీద పైన తాకావా కింద తాకావా అని చూసి అదే నీ భావం అని డిసైడ్ చేసేస్తాయి. ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌కి కలిపే వైఫై అయితే మరీ, నోటు ప్రతిసారీ లేటుగా వస్తే అలవాటు పడిపోవచ్చు, కానీ ఒకసారి వెంటనే, ఒకసారి తీరిగ్గా వస్తుంది (యూఎస్‌బీ కేబుల్ పెట్టుకో అంటారు, కేబుల్ వద్దనే కదా బాబూ ఇదంతా).

2005లోనే ఫ్రాన్స్‌ నుంచి లెమర్ అనే టచ్‌స్క్రీన్ కంట్రోలర్ వచ్చింది, కానీ ఖరీదెక్కువ, కొందరికే అందింది, మిగతావాళ్ళు వేరే దారి లేక పాటలు చేసుకుంటూ బతికారు. 2010లో ఐప్యాడ్ వచ్చాక లేఅవుట్ గీసుకునే అదృష్టం అందరికీ పట్టింది. నాది మూడు వారాలుగా నడుస్తోంది. నాలుగు పేజీలు, నోటు ఎలా మొదలై ఎలా ఆగాలో చెప్పే ఎన్వలప్‌కి నాలుగు ఫేడర్లు (జరిపే మీటలు), వాటికి నాలుగు రంగులు, ఒక్కోదానికి కంట్రోల్ నంబర్ కట్టడం. నోటు మొదలయ్యే అటాక్‌ని నోటు ఆగే రిలీజ్‌కి కట్టేసిన విషయం పదో రోజున తెలిసింది, అప్పటిదాకా సింథ్‌నే తిట్టా. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఇక్కడ పనికిరాదు, మద్దెలకి ఓటేమీ లేదు, ఇంకా రంగులు వేస్తున్నాం అంతే.

నిన్న ఫ్రెండొచ్చాడు. ట్యాబ్లెట్ చేతికిచ్చా, పేజీలన్నీ శ్రద్ధగా చూశాడు.

"పలక బాగుందిరా, పలకదా?"

"లేఅవుట్ ఇంకా అవ్వలేదురా."

వాడు నా కంప్యూటర్ ముందు కూర్చుని, కీబోర్డ్‌లో ఏ, ఎస్, డి అక్షరాలు నొక్కుతూ రెండు నిమిషాలు ఏదో వాయించేసి వెళ్ళిపోయాడు. బాగానే ఉంది, కాదనను. అది వింటున్నప్పుడే నాకు వెలిగింది, రెజొనెన్స్ నాబ్‌కి నారింజ కాదు, ముదురు పసుపు పెట్టాలి.