కిలోకు వెయ్యి గ్రాములని ఎవరన్నారు?

2019 మే 20 నుంచి కిలోకు కొత్త నిర్వచనం అమల్లోకి వచ్చింది. అంతకుముందు కిలో అంటే పారిస్ శివార్లలోని సెవ్ర్‌లో గాజు మూతల కింద దాచిన ఓ ప్లాటినం-ఇరీడియం దిమ్మె. దానికీ దాని నకళ్లకూ మధ్య మైక్రోగ్రాముల్లో తేడా వస్తోందని తేలాక శాస్త్రవేత్తలకు నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి శ్రమపడి, ప్రకృతిలో ఎన్నటికీ మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువతో ముడిపెట్టి, ఇక విశ్వంలో ఎక్కడికెళ్లినా కిలో కిలోయే అని ప్రకటించారు. పాపం, వాళ్లెవరూ రెండు ఎయిర్‌లైన్లు కలిసి అమ్మిన టికెట్ మీద, సూట్‌కేసులు తూయించుకుంటూ పిల్లల్ని చూడ్డానికి వెళ్లినట్టు లేదు.

శంషాబాద్‌లో సరిగ్గా 23 కిలోలు తూగిన సూట్‌కేసును తీసుకోండి. సముద్రాలు దాటే విమానం దగ్గర పెట్టెకు సాధారణంగా 23 కిలోలే పరిమితి కాబట్టి, అక్కడ దానంత బుద్ధిమంతురాలు లేదు. అదే సూట్‌కేసు ఆ ఉదయం రాజమండ్రి నుంచి విడిగా కొన్న దేశీయ టికెట్ మీద వచ్చి ఉంటే, అక్కడ సాధారణంగా 15 కిలోలే ఉచితం కాబట్టి, 8 కిలోల నేరస్థురాలు. ఇక అమెరికాలో పౌండ్లలో తూచే కౌంటర్ దగ్గర పరిమితి 50 పౌండ్లు, అంటే 22.68 కిలోలు. మన 23 కిలోల పెట్టె అక్కడ 320 గ్రాములు ఎక్కువ. ఆవకాయ సీసా కూడా కాదది. సీసా మూత, దానికి చుట్టిన టేపు, కారకుండా ఒకదాని మీద ఒకటి తొడిగిన నాలుగు కవర్లు కలిపితే వచ్చే బరువు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మంచిదైతే వదిలేస్తుంది. రూలు మాత్రం వదలదు.

ఈ మహత్తర వ్యవస్థను అర్థం చేసుకోవాలంటే ఎయిర్‌లైన్ల మధ్య ఉన్నది వియ్యమని గ్రహించాలి. 1997లో అయిదు సంస్థలు కలిసి స్టార్ అలయన్స్ అని పందిరి వేశాయి. తర్వాత వన్‌వరల్డ్, స్కైటీమ్ పందిళ్లు లేచాయి. మన ఎయిర్ ఇండియా 2014లో మొదటి పందిట్లో పీట వేసుకుంది. టికెట్ అమ్మేటప్పుడు ఆ మర్యాదలు చూడాలి! లోగోలు పక్కపక్కన, మైళ్లు మీవి మావి, లాంజ్‌లు మావి మీవి. పెట్టె త్రాసు మీద పెట్టగానే వియ్యాలవారు గుర్తొస్తారు. ‘బరువు సంగతి మాది కాదండీ, విమానం వాళ్లది, వాళ్లనే అడగండి’ అని ఆడపెళ్లివారు. ‘టికెట్ అమ్మింది వాళ్లు కదండీ, మాకేం తెలుసు’ అని మగపెళ్లివారు. రెండు వైపుల విడిది ఖర్చూ భరించేవాడు మాత్రం పెట్టె పట్టుకుని మధ్యలో నిలబడి ఉంటాడు.

రూల్స్ లేవనుకుంటే పొరపాటు. కావలసినన్ని ఉన్నాయి. ప్రయాణం అమెరికాలో మొదలైనా, అక్కడ ముగిసినా, టికెట్‌లోని మొదటి విమానం ఏ సంస్థ నంబర్ మీద అమ్ముడైందో ఆ సంస్థ సామాను రూలే దారిపొడవునా చెల్లాలని అమెరికా రవాణా శాఖ నిబంధన. చక్కగా ఉంది కదా అనుకునేలోపు లండన్ ప్రయాణం వస్తుంది. అక్కడ ప్రపంచ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ వారి 302వ తీర్మానం. భూగోళాన్ని మూడు ప్రాంతాలుగా విడగొట్టి, ఆ దారిలో ‘ముఖ్యమైన’ సంస్థ ఏదో తేల్చి, దాని రూలు వర్తింపజేస్తారు. కోడ్‌షేర్ అయితే నంబర్ ఒకరిది, విమానం ఇంకొకరిది. అప్పుడు ఆ ముఖ్యమైనవారు మామూలుగా విమానం నడిపేవారే, వారు వేరే రూలు ప్రకటించి ఉంటే తప్ప. ఇంతా చదివి అర్థం చేసుకున్న మనిషి గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా రాసేయొచ్చు.

అందుకే ఈ వ్యవస్థను విమర్శించేవాళ్లతో నేను ఏకీభవించను. దీనివల్ల ప్రజల్లో అంతర్జాతీయ న్యాయ పరిజ్ఞానం ఎంతగా పెరిగిందో చూడండి. ఒకప్పుడు అమ్మాయి పురుడికి అమెరికా బయల్దేరే పెద్దావిడను ‘ఏం సర్దావు వదినా?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘ఒకే పీఎన్‌ఆరా, రెండా?’ అని అడుగుతున్నారు. ఆవిడ జవాబు కూడా చెబుతోంది. ఒకే టికెట్‌లో ఉంటే విదేశీ ప్రయాణపు సామాను రూలే ఇంటి దగ్గరి చిన్న విమానానికీ వర్తించొచ్చని, రెండు టికెట్లయితే ఆ ఆశ వదులుకోవాలని ఆవిడకు తెలుసు. అల్లుడికి తెలీదు. నాలుగొందలు తక్కువని విడిగా బుక్ చేసింది ఆయనే.

ఆర్థికశాస్త్రానికి జరిగిన సేవ ఇంకా గొప్పది. పెట్టెల లెక్కన నడిచే చాలా సంస్థల్లో 23 దాటి 32 కిలోల దాకా ఒకటే జరిమానా. అమెరికా మార్గాల్లో సాధారణంగా 100 డాలర్లు. అంటే కిలో ఎక్కువైనా అంతే, తొమ్మిది కిలోలు ఎక్కువైనా అంతే. కానీ మనవాళ్లు కౌంటర్ ముందు నేల మీద పెట్టె తెరిచి కందిపొడి డబ్బా తీసేసి, ఇంకా అరకిలో ఉందంటే పసుపు కుంకాలు కూడా తీసి పక్కన పెట్టి కంగారు పడతారు. ఎలాగూ డబ్బు కట్టక తప్పదని తేలాక వివేకవంతుడు చేయాల్సింది పెట్టెలో ఇంకో రోకలి పెట్టడం. 32 దగ్గర మాత్రం నేను జోకులు వేయను. ఆ గీత సామాను ఎత్తే కార్మికుల నడుముల కోసం గీసింది, దాన్ని గౌరవించాలి. 23 దగ్గరి గీత ఎవరి నడుము కోసమో మాత్రం ఎవరూ చెప్పరు. 100 డాలర్లు కట్టగానే ఆ నడుము నొప్పి తగ్గిపోతుందని మాత్రం అనుభవజ్ఞులు చెబుతారు.

కొందరు సంస్కర్తలు ప్రయత్నించకపోలేదు. 2013లో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ మనిషినీ సామాన్నీ కలిపి తూచి కిలోల లెక్కన టికెట్ అమ్మింది. ఎంత నిజాయితీ! ప్రపంచం నవ్వింది. వంద కిలోల పెద్దమనిషి ఏమీ అదనం కట్టకుండా సీట్లో కూర్చోవడం, ఆయన వెనక యాభై కిలోల మనిషి అరకిలో పూతరేకులకు డబ్బు కట్టడం మాత్రం ఎవరికీ నవ్వులాటగా అనిపించలేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2016లో దేశీయ విమానాల్లో 15 నుంచి 20 కిలోల మధ్య కిలోకు వంద రూపాయలకు మించి తీసుకోవద్దంది. విమాన సంస్థలు కోర్టుకెక్కాయి. ఆ వంద నిలబడలేదు.

కాబట్టి నేను సంస్కరణలు కోరను, చిన్న వివరణ మాత్రం కోరతాను. రోజూ చెక్-ఇన్ కౌంటర్ల పక్కన గోంగూర, దోసావకాయ, సున్నుండలు, ఒక్కోసారి కొత్త ఇడ్లీ పాత్ర కూడా వదిలేసి జనం కన్నీళ్లతో లోపలికి వెళుతున్నారు. ఆ గోంగూర మీద హక్కు టికెట్ అమ్మిన సంస్థదా, విమానం నడిపే సంస్థదా, లేక 302వ తీర్మానం ప్రకారం ముఖ్యమైన సంస్థదా? తేలేదాకా మూత తీయొద్దని, తడి గరిటె అసలే పెట్టొద్దని వియ్యాలవారు ఇద్దరికీ మనవి.