యాప్ డిజైనర్ కావాలంటే ముందు హార్బర్ వైపు నడవండి

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందంటే విశాఖపట్నంలో ముందుగా వినిపించే ప్రశ్న, పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారని. మూడో నంబరంటే జాగ్రత్త పడాలి, పదో నంబరంటే గడప దాటకూడదు. నంబరు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని అనుకుంటాం. అందులో సగమే నిజం. ఐదు, ఆరు, ఏడు నంబర్లు ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. తుపాను రేవుకు ఒక పక్కగా తీరం దాటుతుందా, రెండో పక్కగానా, రేవు మీదుగానా అన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే అక్కడ ప్రమాదం మరింత తీవ్రం. పదకొండు ఎగిరితే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

ఓడ కెప్టెన్‌కు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. తుపాను ఏ వైపు నుంచి వెళ్తుందో తెలియడం ఆయనకు ప్రాణావసరం. పగలు ఎగరేసే గుర్తులను, రాత్రి వెలిగించే ఎరుపు, తెలుపు దీపాలను దూరం నుంచే చదువుకోగలడు. అదే నంబరు టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాలుగా జాలరిపేటలో ఓ ముసలమ్మ ఇంటికి చేరినప్పుడు ఆమె అడిగేది వేరు. ఇప్పుడే ఇల్లు వదలాలా, తెల్లారేదాకా ఆగవచ్చా? సమాచారంలో తప్పు లేదు, అందుకునే మనిషి మారింది. యూఐ, యూఎక్స్ డిజైన్ వృత్తిలోకి రావాలనుకునే విశాఖ యువతకు నేను మొదట ఈ నంబర్ల సంగతే చెబుతాను.

యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్) అంటే తెర మీద కంటికి కనిపించేది, వేలికి తగిలేది. యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) అంటే పని మొదలుపెట్టిన క్షణం నుంచి ముగిసేదాకా మనిషికి ఎదురయ్యేదంతా. 1993లో ఆపిల్ సంస్థలో చేరి, యూజర్ ఎక్స్‌పీరియన్స్ అనే మాటను తన హోదాలోనే పెట్టుకున్న డొనాల్డ్ నార్మన్ చిత్రకారుడు కాదు. మనిషి మనసు పనిచేసే తీరును పరిశోధించిన ఆచార్యుడు. బొమ్మలు వేయడం రాదని వెనకాడే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సైకాలజీ చదివిన వాళ్లకూ, తెలుగు సాహిత్యం చదివిన వాళ్లకూ ఈ వృత్తిలో చోటుంది.

చదువు మార్గాలు తెలిసినవే. డిజైన్ కోర్సుల్లో ప్రవేశానికి ఇంటర్ తర్వాత యూసీడ్, డిగ్రీ తర్వాత సీడ్ పరీక్ష రాయవచ్చు. రెండింటినీ ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మన రాష్ట్రంలోనూ ఒకటి ఉంది. ఇవి కుదరని వాళ్లకు ఆన్‌లైన్ కోర్సులున్నాయి, తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా విద్యార్థులకు ఉచితం. అప్పు చేసి లక్షలు పోసి మూడు నెలల శిక్షణలో చేరవలసిన అవసరం నాకైతే కనిపించదు. అలాంటి శిక్షణల నుంచి వచ్చే పోర్ట్‌ఫోలియోలు, అంటే ఉద్యోగానికి చూపించే పనుల నమూనాలు, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్‌కు కొత్త రంగులు, ఒక మ్యూజిక్ ప్లేయర్, ఊహించి రాసిన ఇద్దరు వాడకందార్లు. వాళ్లలో ఎవరికీ చత్వారం ఉండదు, ఎవరి ఫోను తెరా పగిలి ఉండదు.

అందుకే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లమంటాను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ఉపగ్రహ సమాచారం ఆధారంగా గుర్తించి మత్స్యకారులకు తెలుపుతుంది. దిక్కు, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలు అందులో ఉంటాయి. ఆ సందేశాన్ని పడవ మీద చదవాలంటే ఏమవుతుందో ఆలోచించండి. చేతులు తడిగా ఉంటాయి. ఎండకు తెర మెరుస్తుంది. ఫోను నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. తీరం దాటి కొంత దూరం పోతే సిగ్నల్ ఉండదు. లోతును మీటర్లలో చెబితే అర్థమవుతుందా, బారల్లో చెప్పాలా? ఇది ఊహించి తేల్చే విషయం కాదు, అడిగి తెలుసుకోవాలి. వలలు బాగుచేసుకుంటున్న నలుగురి పక్కన ఒక పూట కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కాగితం మీద మూడు తెరలు గీసి మళ్లీ వాళ్లకే చూపిస్తే, ఆ ఒక్క కేస్ స్టడీ పది నకలు యాప్‌ల కంటే బరువు తూగుతుంది.

మన యువతకు ఇక్కడొక సహజమైన బలం ఉంది. అది తెలుగు. అయిదారు అక్షరాల ఇంగ్లిష్ మాటకు కొలిచి చేసిన బటన్‌లో 'సమర్పించండి' పట్టదు. పైన గుడులు, కింద వత్తులు ఉన్న మన లిపికి వరుసల మధ్య ఎక్కువ జాగా కావాలి. ఇంగ్లిష్ కొలతలతో వదిలేస్తే 'స్వాతంత్ర్యం' లాంటి మాటకు కింది భాగం తెగిపోతుంది. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్ట్) ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. బీచ్ రోడ్డు ఎండలో ఫోను చూసిన వాళ్లకు దాని విలువ వివరించనక్కరలేదు.

మాటల ఎంపిక ఇంకా పెద్ద విషయం. 'లావాదేవీ విఫలమైంది' అని తెర చెబితే, కూరగాయల బండి దగ్గర నిలబడ్డ మనిషి అడిగేది ఒక్కటే: నా డబ్బు పోయిందా, ఉందా? ఆ భయానికి జవాబిచ్చే వాక్యం రాయడం కూడా డిజైనే. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. సంభాషణగా నడిచే ఇలాంటి సేవలో వాక్యమే తెర. ఇంట్లో తెలుగు మాట్లాడే డిజైనర్ చేయవలసిన పని ఇది. అనువాదానికి వదిలేస్తే చెడుతుంది.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. 2023 అక్టోబరులో రుషికొండలో ఇన్ఫోసిస్ కేంద్రం ప్రారంభమైంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. ఊరికి ఇవి సంతోషకరమైన వార్తలే. కానీ ఆ హబ్‌లో భాగంగా డేటా సెంటర్, అంటే సర్వర్లు నడిచే కేంద్రం, వచ్చినంత మాత్రాన డిజైన్ కొలువులు రావు. యాప్‌లను ఆలోచించి తయారుచేసే బృందాలున్న చోటే ఆ కొలువులుంటాయి. అలాంటి బృందాలు నేటికీ ఎక్కువగా బెంగళూరు, హైదరాబాదుల్లోనే ఉన్నాయి. విశాఖలో మొదటి ఉద్యోగం చిన్న కంపెనీలో దొరకవచ్చు, అక్కడ బ్యానర్లూ చేయాలి, కొంత కోడూ రాయాలి. చేరడానికి సంకోచించవద్దు. సంకోచించవలసింది వేరొక చోట ఉంది. చందా రద్దుచేసే బటన్‌ను కనిపించకుండా పెట్టమని ఎవరైనా అడిగినప్పుడు కాదనగలగాలి. వినియోగదారులను ఇలా మోసగించే 13 రకాల పద్ధతులను కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చి నిషేధించింది. కొత్తగా చేరిన వాళ్లు ఆ మార్గదర్శకాలను పూర్తిగా చదివి వెళ్లడం మంచిది.

ఏఐ ఒక్క వాక్యానికి పది తెరలు గీసి ఇస్తోంది, ఇక మాకు పనేమిటని భయపడుతున్న విద్యార్థులున్నారు. గీయడం ఒక్కటే నేర్చుకున్న వాళ్లకు ఆ భయం సహేతుకమే. గీసిన తెర పూర్ణా మార్కెట్‌లో పనిచేస్తుందో లేదో మాత్రం అక్కడికి వెళ్లిన మనిషే చెప్పగలడు. ఐదుగురితో వాడించి చూస్తే సమస్యల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ ఐదుగురూ ఒకే తరహా వాళ్లయినప్పుడే ఆ లెక్క నిలుస్తుంది. మధురవాడ ఇంజనీర్లు ఐదుగురు వేరు, మార్కెట్‌లో పూలమ్మే ఐదుగురు వేరు.

ఇలా వాడించి చూసే పరీక్షకు ఖర్చేమీ లేదు. "అమ్మా, ఇందులో మీ కరెంటు బిల్లు కట్టి చూపిస్తారా?" అని అడిగి ఫోను చేతికివ్వాలి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. అన్నిటికంటే కష్టమైంది అదే. ఆవిడ వేలు తెర మీదికి వచ్చి, ఎక్కడ నొక్కాలో తెలియక గాల్లో ఆగిపోతుంది. 'అక్కడ నొక్కండమ్మా' అని చెప్పాలని మనసు కొట్టుకుంటుంది. చెప్పకుండా, ఆ వేలు ఏ బటన్ ముందు ఎంతసేపు ఆగిందో నోటుపుస్తకంలో రాసుకోవాలి.