సవరణ: ఫెర్నీలో ఊడింది అమ్మోనియా పైపు కాదు

కెనడాలోని ఫెర్నీ పట్టణంలో, స్కేటింగ్ చేసే ఐస్ రింక్‌లో 2017 అక్టోబరు 17న అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. దాని గురించి గత పోస్టులో ‘అమ్మోనియా పైపు పగిలింది’ అని ఉంది. జరిగింది వేరు. చిల్లర్ (ఐసు కోసం ఉప్పునీటిని అమ్మోనియాతో చల్లబరిచే యంత్రం) లోపలి ట్యూబుకు చిల్లు పడి అమ్మోనియా ఉప్పునీటి లైన్లోకి చేరింది. అక్కడ ప్రెజర్ పెరిగి ఆ లైన్ కప్లింగ్ (పైపులను కలిపే జాయింటు) ఊడిపోయింది. గ్యాస్ మెషిన్ రూమంతా కమ్మేసింది.

ఆ లీకు నెలల ముందే తెలుసు. అయినా సీజన్ రాగానే చిల్లర్‌ను మళ్లీ నడిపారు. నన్నడిగితే ప్రాణాలు తీసింది కప్లింగ్ కాదు, ఈ నిర్ణయమే.

ఉప్పునీటిలో అమ్మోనియా కలిసిందో లేదో చూడటం పెద్ద ఖర్చేం కాదు. కలిసిందని తేలితే ‘ఇంకో వారం చూద్దాం’ అనకుండా చిల్లర్ ఆపేయాలి. మన దగ్గర ఐసు దిమ్మలు కట్టే ఉప్పునీటి తొట్లలోనూ అమ్మోనియా కాయిల్సే ఉంటాయి, అక్కడా ఈ పరీక్ష చేయించండి.