కష్టాలు ఎమినెమ్‌ను తయారు చేయలేదు

మొన్న ఉగాది సభలో మా తెలుగు సంఘం వారు పిల్లలతో మాట్లాడించడానికి ఒక వక్తను పిలిచారు. ఆయన పిల్లల మేలు కోరే మాట్లాడారు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఆయన చెప్పిన కథ ఒకటి రెండు వారాలుగా నా మనసును వదలడం లేదు. మన డెట్రాయిట్‌లోనే పెరిగి, తొమ్మిదో తరగతి మూడుసార్లు తప్పి, హోటల్లో అంట్లు కడిగిన కుర్రాడు ప్రపంచమంతా పేరు మోగిన ర్యాపర్ అయ్యాడని, ఏమీ లేకపోవడమే అతని బలమైందని, అన్నీ అమర్చిపెట్టిన ఇళ్ళలో పెరుగుతున్న మీకు ఆ కసి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన అడిగారు. హాలంతా చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న మా పద్నాలుగేళ్ళ అబ్బాయి తల వంచుకుని చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాడు.

పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నవాడిని, ఆ పాటలను శ్రద్ధగా విన్నవాడిని. ఎమినెమ్ కథను ఇలా చెప్పడం పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. అతనికి ఏమీ లేకపోవడం వల్ల అతను పైకి రాలేదు. లేమి అతని దగ్గర ఉన్నది కూడా లాక్కుంది. కొందరు మనుషులు, కొన్ని చోట్లు చెయ్యి అందించడం వల్ల అతను నిలబడ్డాడు. ఆ మనుషుల పేర్లు, ఆ చోట్ల పేర్లు మన కథల్లో ఎప్పుడూ వినిపించవు.

ముందు ఈ ఊరి సంగతి కొంత చెప్పాలి. డెట్రాయిట్ ప్రాంతంలో తూర్పు పడమరలుగా సాగే పెద్ద రోడ్లను మైళ్ళ లెక్కన పిలుస్తారు. ట్రాయ్‌లో మా ఇంటి దగ్గరి బిగ్ బీవర్ రోడ్డు ఆ లెక్కలో పదహారో మైలు. ఎనిమిదో మైలు రోడ్డు డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు సరిహద్దు. కార్ల కంపెనీల్లో ఉద్యోగాలకు వచ్చిన మన తెలుగు కుటుంబాలు ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ వంటి శివారు ఊళ్ళలోనే స్థిరపడ్డాయి. కొత్తగా దిగినవారికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు "ఎయిట్ మైల్ దాటి కిందికి పోకండి" అని హెచ్చరిక చేస్తారు. నాకూ చేశారు. ఆ హెచ్చరిక వెనుక ఉన్న చరిత్ర మాత్రం ఎవరూ చెప్పలేదు. 1941లో ఆ రోడ్డుకు ఆనుకుని, బర్వుడ్ వీధి వెంట, అర మైలు పొడవున ఆరడుగుల ఎత్తు కాంక్రీటు గోడ ఒకటి లేచింది. తెల్లవారి కోసం వేస్తున్న కొత్త ఇళ్ళకు, పక్కన నల్లజాతి కుటుంబాలు ఉన్నాయన్న కారణంతో ప్రభుత్వ పూచీ ఉన్న రుణాలు దొరకకపోతే, రెండు వాడలనూ విడదీసి ఆ రుణాలు తెచ్చుకోవడానికి కట్టిన గోడ అది. ఇప్పటికీ అక్కడే ఉంది. కొంతమేర రంగురంగుల బొమ్మలు వేశారు. తర్వాతి దశాబ్దాల్లో ఫ్యాక్టరీలు తరలిపోయాయి, తెల్లవారు శివార్లకు పోయారు, 1950లో పద్దెనిమిది లక్షలు దాటిన నగర జనాభా 2020 నాటికి 6.4 లక్షల లోపుకు పడిపోయింది.

తర్వాత ఎమినెమ్‌గా పేరుపొందిన మార్షల్ మ్యాథర్స్ అనే పిల్లవాడు ఈ నేల మీద పెరిగాడు. 1972 అక్టోబరు 17న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి వదిలేసి వెళ్ళిపోతే తల్లి వెంట ఇల్లు మారుతూ, బడి మారుతూ, చేరిన ప్రతి బడిలోనూ కొత్తవాడిగా తన్నులు తింటూ డెట్రాయిట్ చేరాడు. వాళ్ళు కొంతకాలం ఉన్న ఇల్లు ఎనిమిదో మైలుకు కాస్త దిగువన, డ్రెస్డెన్ వీధిలో ఉండేది. 2000లో వచ్చిన అతని ఆల్బమ్ అట్ట మీద ఉన్నది ఆ ఇల్లే. 2013 నవంబరులో మరో ఆల్బమ్ అట్ట మీద అదే ఇంటిని మళ్ళీ వేసుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే ఖాళీగా ఉన్న ఆ ఇంటికి నిప్పంటుకుంది, తర్వాత దాన్ని కూలగొట్టారు. ఉగాది సభ అయిన మరుసటి ఆదివారం మా అబ్బాయిని కారులో ఎక్కించుకుని ఆ వీధికి వెళ్ళాను. ఇల్లు ఉండిన చోట గడ్డి తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ కూడా ఖాళీ స్థలాలే. మా ఇంటి నుంచి అరగంట ప్రయాణం. పదకొండేళ్ళలో నేను అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి.

లేమి అతనికి ఏం చేసిందో వరుసగా చూద్దాం. పదిహేడో ఏట చదువు ఆగిపోయింది. సెయింట్ క్లేర్ షోర్స్‌లోని గిల్బర్ట్స్ లాడ్జ్ అనే రెస్టారెంటులో కొన్నేళ్ళు వంటపని, అంట్ల పని చేశాడు. 1995 క్రిస్మస్ రోజున కూతురు పుట్టింది. ఆ బిడ్డ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు ఉద్యోగం పోయిందని, ఏదైనా కొనిపెట్టడానికి చేతిలో నలభై డాలర్లు మాత్రమే ఉన్నాయని అతనే తర్వాత చెప్పుకున్నాడు. అద్దె ఇళ్ళ నుంచి ఖాళీ చేయించారు. వయసులో ఇంచుమించు తనంతే ఉన్న మేనమామ రానీ 1991లో ఆత్మహత్య చేసుకున్నాడు. వీటిలో దేన్ని మనం బలం అనగలం? రాసుకోవలసిన రాత్రులను వంటగది తినేసింది, వేరేవాడైతే అక్కడితో ఆగిపోయేవాడు, నిజానికి ఆ రోడ్డు మీద అలా ఆగిపోయినవారి సంఖ్యే ఎక్కువ. వారి గురించి ఏ వక్తా మాట్లాడడు.

ఇక చెయ్యి అందించినవారి సంగతికి వస్తాను. మొదటివాడు ఆ మేనమామే. ఐస్-టీ అనే ర్యాపర్ పాట ఉన్న క్యాసెట్టును మేనల్లుడి చేతిలో పెట్టింది ఆయనే. రెండోవాడు ప్రూఫ్ అనే పేరుతో పాడిన దెషాన్ హోల్టన్, నల్లజాతి కుర్రాడు, ఆస్‌బర్న్ హైస్కూలు విద్యార్థి. మార్షల్ చదివిన బడి అది కాదు. అయినా ప్రూఫ్ తన తెల్ల స్నేహితుణ్ణి ఆ బడి భోజనశాలలోకి తీసుకెళ్ళి, అక్కడి పిల్లలతో మాటకు మాట ర్యాప్ పోటీలు పెట్టించేవాడు. పడమర వైపు ఏడో మైలు రోడ్డు మీద మారీస్ మలోన్ అనే దుస్తుల డిజైనరు నడిపిన హిప్ హాప్ షాప్ అనే బట్టల దుకాణం ఉండేది. శనివారాలు ఆ దుకాణంలో మైకు పెట్టేవారు, పోటీలను ప్రూఫ్ నడిపేవాడు. అందరూ నల్లజాతివారే ఉన్న ఆ గదిలో ఒక తెల్ల కుర్రాడు మైకు పట్టుకుంటే మొదట ఈలలు వేసి దింపేయడం సహజం. అతను మళ్ళీ వచ్చే శనివారం రాగలిగాడంటే, తలుపు దగ్గర ప్రూఫ్ నిలబడి ఉన్నాడు కాబట్టే. బట్టలు అమ్ముకునే గదిలో వారానికి కొన్ని గంటలు ఎవరూ డబ్బు అడగకుండా మైకు ఇచ్చిన ఆ ఏర్పాటును నేను ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయంగా చూస్తాను.

తర్వాత బాస్ సోదరులు, మార్క్, జెఫ్. కుర్రాడిని రేడియోలో విని పిలిపించి, స్టూడియో ఇచ్చి, 1996లో మొదటి ఆల్బమ్ సొంత ఖర్చుతో తెచ్చారు. అది అమ్ముడుపోలేదు. న్యూయార్క్ ర్యాపర్లలా పాడుతున్నాడని అన్నారు, అందులో నిజం ఉందని తర్వాత అతనే ఒప్పుకున్నాడు. అంత నష్టం వచ్చాక కూడా బాస్ సోదరులు స్టూడియో తలుపు మూయలేదు. 1997లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ర్యాప్ ఒలింపిక్స్ పోటీలో అతను రెండో స్థానంలో ఆగి, ప్రైజు డబ్బు చేజారినందుకు కుమిలిపోయాడు. కానీ అక్కడికి వచ్చిన ఇంటర్‌స్కోప్ అనే సంగీత సంస్థ కుర్రాడొకడు అతని రికార్డింగు తీసుకెళ్ళాడు, అది ఆ సంస్థ అధిపతి జిమ్మీ అయొవీన్ ద్వారా పేరున్న ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే చెవిన పడింది. కాంప్టన్ నల్లజాతి వాడల నుంచి వచ్చిన డ్రే, తన చుట్టూ ఉన్నవారు తెల్లవాడితో మనకెందుకని వారించినా వినకుండా అతన్ని తీసుకున్నాడు.

అతని శ్రమను తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. 2010లో 60 మినిట్స్ టీవీ కార్యక్రమంలో అతను ఒక పెట్టె తెరిచి చూపించాడు. నిండా చిత్తు కాగితాలు, అన్నిటి మీదా చీమల్లాంటి అక్షరాలు, అడ్డంగా, ఐమూలగా, ఎక్కడ జాగా ఉంటే అక్కడ. బడి వదిలేసిన ఆ కుర్రాడు ఎన్ని మాటలు వీలైతే అన్ని తన దగ్గర ఉండాలని నిఘంటువు చదివేవాడట. ఆరెంజ్ అన్న మాటకు ఇంగ్లీషులో ప్రాస కుదరదంటారు. అదే కార్యక్రమంలో అతను ఆ మాటను కాస్త సాగదీసి, డోర్ హింజ్, స్టోరేజ్, పారిజ్, జార్జ్ అనే మాటలను ఒకదాని వెంట ఒకటి దానికి జతచేసి వినిపించాడు. మా నాన్నగారు తెలుగు పండితులు. ఉత్పలమాలలో ప్రతి పాదానికీ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలని, దాని మీద అచ్చు ఏదైనా పరవాలేదని చిన్నప్పుడు వేళ్ళు మడిచి నేర్పారు. ఎమినెమ్ పద్ధతి దీనికి తలకిందులు. అతను అచ్చులను కలుపుతాడు, హల్లులను వదిలేస్తాడు. ఈ మాట కారులో మా అబ్బాయికి చెబితే వాడు వెంటనే ఫోనులో పాట పెట్టి, ఒక్కో చరణాన్ని ఆపి ఆపి అచ్చులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంటికి చేరేదాకా ఆపలేదు. ప్రాస మీద వాడికి అంత ఆసక్తి నేను ఎన్నడూ చూడలేదు.

చార్టుల లెక్కలు అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1999లో డ్రేతో వచ్చిన ఆల్బమ్ అమెరికా అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానంలో అడుగుపెట్టింది. 2000లో వచ్చినది అమెరికాలో మొదటి వారంలోనే 17 లక్షలకు పైగా అమ్ముడైంది. అతనే నటించిన 8 మైల్ సినిమాకు రాసిన పాట 2002 నవంబరు నుంచి పన్నెండు వారాలు మొదటి స్థానంలో నిలిచి, 2003లో ఆస్కార్ తెచ్చింది. ర్యాప్ పాటకు ఆస్కార్ రావడం అదే మొదలు. ఇంత అమ్మకంలో చర్మం రంగుకు వాటా ఉందన్న సంగతి అతను దాచలేదు. తాను నల్లవాడినై ఉంటే ఇందులో సగమే అమ్ముడయ్యేదని 2002లో తన పాటలోనే చెప్పాడు. కసి గురించి చెప్పే వక్తలు ఈ మాటను కూడా పిల్లలకు చెప్పాలి. అదే శనివారాలు అదే మైకు ముందు నిలబడి, అదే లేమిని అనుభవించి, అంతే పదును చూపిన నల్లజాతి కుర్రాళ్ళలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

ఇంకొకటి కూడా దాటవేయకూడదు. ఆడవారి మీద, ముఖ్యంగా తన భార్య మీద, స్వలింగ సంపర్కుల మీద అతను రాసిన మాటల్లో కొన్నిటిని నేను మా ఇంట్లో వినిపించలేను, బాధలో పుట్టాయని వాటిని సమర్థించలేను. తల్లిని పాటల్లో దూషించాడు, ఆమె అతని మీద దావా వేసింది, 2013లో ఆమెకు క్షమాపణ చెబుతూ పాట రాశాడు. మాత్రలకు బానిసై 2007 చివర్లో చావు అంచుదాకా వెళ్ళి, 2008 ఏప్రిల్ నుంచి మత్తుకు దూరంగా ఉంటున్నాడు. లేమి చేసిన గాయాలు డబ్బు వచ్చాక కూడా ఎంతకాలం సలుపుతాయో చూడాలంటే ఈ భాగమే చూడాలి.

ప్రూఫ్ మాట చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. స్నేహితుడు శిఖరం ఎక్కాక డి12 అనే ర్యాప్ బృందంతో అతనూ చార్టుల్లోకి వచ్చాడు. 2005లో సొంత ఆల్బమ్ తెచ్చాడు, దానికి పెద్ద ఆదరణ దొరకలేదు. 2006 ఏప్రిల్ 11న ఎనిమిదో మైలు రోడ్డు మీదే ఒక క్లబ్బులో జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. ఆ గొడవలో మరో మనిషి ప్రాణమూ పోయింది. ప్రూఫ్ వయసు ముప్పై రెండు. మైకు చేతికిచ్చినవాడు ఆ రోడ్డు దాటలేకపోయాడు. కష్టాలే మనిషిని పైకి తెస్తాయంటే అతన్ని ఎందుకు తేలేదో ఆ వక్తను అడగాలనిపించింది, సభా మర్యాద కోసం ఊరుకున్నాను.

పోయిన దసరాకు మా సంఘంలోని ఇద్దరు హైస్కూలు పిల్లలు తెలుగులో రాసుకున్న ర్యాప్ పాడతామని అడిగితే, అది మన సంస్కృతి కాదని, సమయం లేదని కార్యవర్గం కాదంది. వారిలో ఒకడు తన పాట నాకు చూపించాడు. వాళ్ళమ్మమ్మగారి ఊరి గురించి, వీడియో కాల్‌లో సరిగ్గా వినిపించని ఆమె గొంతు గురించి రాశాడు. ప్రాసలు అక్కడక్కడా తడబడ్డాయి, అయినా ఒక్క మాట కూడా అరువుది కాదు. వచ్చే నెల కార్యవర్గ సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సాంస్కృతిక భవనంలోని చిన్న హాలు శనివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. నాలుగింటి నుంచి ఆరింటి వరకు దాన్ని పిల్లలకు వదిలేద్దాం. మైకు నేను కొంటాను. తాళం తీయడానికి, ఈలలు వేసేవాళ్ళను ఆపడానికి తలుపు దగ్గర కూర్చోవడానికి నాతోపాటు ఇంకొక పెద్దమనిషి కావాలి. రాగలిగినవారు కింద పేరు రాయండి.